బదనికకు చీమల కావలి

మొన్న మా వంటింటి గట్టు మీద చీమలు బారులు కడితే, పనికి వచ్చే అమ్మాయి ఎక్కడినుంచో ఒక తెల్లపొడి తెచ్చి మూలమూలనా చల్లి పోయింది. బజారు నుంచి వచ్చి గుమ్మంలో అడుగు పెట్టగానే ఆ వాసన ముక్కుకు తగిలింది. బూజు పట్టిన గోనెసంచి వాసన లాంటిది. కూరగాయల సంచి కింద పెట్టడం కూడా మరిచి అక్కడే నిలబడిపోయాను. ఖమ్మంలో మూడో అంతస్తులో ఉన్నదాన్ని, క్షణంలో చర్ల అవతలి అడవిలో, మిట్టమధ్యాహ్నపు ఎండలో, ఇప్పచెట్టు కొమ్మ మీద కూర్చున్న పదేళ్ళ పిల్లనైపోయాను.

అది ఎనభైల నాటి మాట. మా అమ్మ ఆ అడవి పల్లెలో ఒకే ఒక్క టీచరు. బడి అంటే మట్టిగోడల గది ఒకటి, దాని వెనక తాటాకు వసారా, ఆ వసారాలోనే మా కాపురం. నాన్న మణుగూరు బొగ్గు గనిలో పనిచేస్తూ శనివారం సాయంత్రం పడవలో గోదావరి దాటి వచ్చేవాడు. గనిలో పనిచేసే మనిషికి తెల్లచొక్కా ఏమిటని అమ్మ ఎన్నిసార్లు వేళాకోళం చేసినా, ఆదివారం ప్రార్థనకు ఆయన తెల్లచొక్కా తప్ప వేసేవాడు కాదు. మడతల్లో మిగిలిన బొగ్గు నుసిని మాత్రం ఏ సబ్బూ వదిలించలేదు.

చలి తగ్గి మోదుగలు ఎర్రబడ్డాయంటే ఇక మా కాలం మొదలైనట్టే. తెల్లవారకముందే ఇప్పపూలు టపటపా రాలేవి. కండగల ఆ పూల తియ్యటి మత్తువాసన ఊరంతా కమ్ముకునేది, ఆడవాళ్ళు చెట్ల కింద ఆకులు ఊడ్చి గంపలు పట్టుకుని వంగేవాళ్ళు, ఎలుగుబంటి కూడా ఆ పూల కోసమే వస్తుందని మమ్మల్ని భయపెట్టేవాళ్ళు, మేము భయపడుతూనే వెళ్ళేవాళ్ళం. తరవాత మొర్రిపండ్లు, తునికిపండ్లు, ముంజలు. ఈస్టర్ నాడు సూర్యుడు రాకముందే ప్రార్థన, ఇంటికొచ్చాక గారెలు, కోడికూర. ఆ వెంటనే తునికాకు కోత. ఊరు ఊరంతా అడవిలోకి పోయి ఆకు కోసుకొచ్చి, కట్టలు కట్టి, కల్లంలో ఎండబెట్టేది. ఆ ఎండిన ఆకు వాసన మా జుట్టుకు కూడా పట్టేది.

బడి వెనకాల ఇప్పచెట్టుకు, నిచ్చెన వేస్తే అందే ఎత్తులో, రెండు కొమ్మలు చీలే చోట ఒక బదనిక ఉండేది. చెట్టు మీద బతికే మొక్క ఏదైనా మాకు బదనికే. ఇప్పుడు నర్సరీల్లో ఆర్కిడ్ అని కుండీల్లో పెట్టి అమ్ముతున్నవాటి జాతే అది కూడా. పట్టీల్లాంటి దళసరి ఆకులు, గాల్లో వేలాడే తెల్లటి లావు వేళ్ళు, వైశాఖంలో పసుపుమీద గోధుమరంగు గళ్ళున్న పూలు, మధ్యలో ఊదారంగు నాలుక. ఎండ ఎక్కేకొద్దీ వాసన ఎక్కువయ్యే పూలవి. ఆ వేళ్ళ గుబురులో మట్టీ, ఆకుపొట్టూ కుక్కి నల్లచీమలు పుట్ట పెట్టాయి. కదిపితే చాలు, వెనకభాగం పైకెత్తి కోపంగా పరుగులు తీసేవి. మొగ్గ కాడల దగ్గర చెమట బొట్లలాంటి తీపి ఊరేది, చీమలు దాని చుట్టూ రాత్రింబగళ్ళు తిరిగేవి. మొగ్గ తినడానికి పెంకుపురుగు వాలితే నాలుగైదు పోగై దాన్ని కిందికి తోసేదాకా వదిలేవి కావు. అవి మోసుకొచ్చిన మట్టిలోనే వేళ్ళు ఎండాకాలమంతా తడిగా ఉండేవి.

ఇదంతా నాకు చూపించింది లచ్చవ్వ. మా వసారాకు నాలుగు గడపల అవతల ఒంటరిగా ఉండే కోయ ముసలామె. నాకు అక్షరాలు అమ్మ నేర్పితే, అడవిని లచ్చవ్వ నేర్పింది. "తీపి పెట్టేది బదనిక, కావలి కాసేది చీమ. ఒకదాన్ని ఇడిసి ఒకటి ఉండది బిడ్డా," అనేది. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. ఆ బదనిక వేరు దంచి, ఇప్పనూనెలో కాచి, ఏడాదికి సరిపడా ఒక సీసా చేసుకుని చూరుకు వేలాడదీసుకునేది. రోజూ పొద్దున రాసుకుంటేనే లేచి నడిచేది.

ఆ ఏడు క్రిస్మస్ అయిన నెలకి అమ్మకు జ్వరం వచ్చింది. జ్వరం పదిరోజుల్లో పోయింది కానీ కీళ్ళు పట్టుకుపోయాయి. మోకాళ్ళు వాచి, నిలబడితే కూలబడేది. పొయ్యి దగ్గరికి చేతుల మీద జరుగుతూ వెళ్ళేది. మా అమ్మను అలా నేల మీద చూడటం నాకు భరించరాని సంగతి. నాన్న భద్రాచలం దవాఖానాకు తీసుకెళ్ళాడు, మాత్రలు ఇచ్చారు, వాపు కొంచెం తగ్గింది, అమ్మ నిలబడలేదు. ఫిబ్రవరి చివర్లో పైఅధికారి ఒకాయన వచ్చి, జూన్‌లో బడి తెరిచేనాటికి పనిచేయలేకపోతే వేరే ఏర్పాటు చేయాల్సి ఉంటుందనీ, అయితే ఈ అడవికి ఇంకెవరూ రారు కాబట్టి బడి మూతపడ్డట్టేననీ మెల్లగా చెప్పి వెళ్ళాడు. అమ్మ ఆ పూట అన్నం తినలేదు. పలకలు పట్టుకొచ్చే ముప్ఫైమంది పిల్లల కోసమో, తనకోసమో, ఆమె ఏడుస్తుంటే నేను మొదటిసారి చూశాను.

లచ్చవ్వ వచ్చి కూర్చుంది. "ఊకో టీచరమ్మా. నూనె నేను చేస్త. గాని జల్దీ కాదు. నెలకు రెండే ఏర్లు తీయాలె."

ఆమె వేరు తీసే పద్ధతి ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. ఎండ చెట్టు మీద పడకముందే, నానబెట్టిన ఇప్పపూలు దొన్నెలో వేసి చెట్టు మొదట్లో పెట్టేది. తీపికి చీమలు బారు కట్టి కిందికి దిగేదాకా పీట వేసుకుని కూర్చునేది. సగం పుట్ట దిగాక, నేను నిచ్చెన పట్టుకుంటే, మోకాళ్ళు పట్టుకుంటూ మూలుగుతూ ఎక్కి, బయటికి వేలాడే రెండు వేళ్ళు మాత్రం కోసేది. కోసినచోట చీమల మట్టే మెత్తి, "మీ ఇల్లు నాకద్దు, రెండు ఏర్లు చాలు," అని వాటికి చెప్పి దిగేది. మర్నాడు చూస్తే చీమలు మళ్ళీ పైనే ఉండేవి.

ఆ నూనె రాస్తే అమ్మకు హాయిగా ఉండేది. మార్చిలో రెండు వేళ్ళు, ఏప్రిల్‌లో రెండు. మే వచ్చేసరికి గోడ పట్టుకుని నాలుగడుగులు వేసింది. నాలుగడుగులే. జూన్ ముంచుకొస్తోంది, నాకు లెక్కలు బాగా వచ్చు. నాలుగు వేళ్ళకు నాలుగడుగులైతే, ఇరవై వేళ్ళకు అమ్మ బోర్డు దగ్గరికే నడిచిపోవాలి. ఇంత చిన్న లెక్క లచ్చవ్వకు ఎందుకు తెలియదో నాకు అర్థం కాలేదు.

ఒక మధ్యాహ్నం లచ్చవ్వ తునికాకుకు పోయింది, అమ్మ నిద్రపోతోంది. బడిలో చాపలకు చెదలు పట్టకుండా తెచ్చిపెట్టిన గమాక్సిన్ పొడి డబ్బా బెంచీ కింద ఉండేది. డబ్బా తీసుకుని చెట్టెక్కి, కొమ్మ మీద సర్దుకుని కూర్చుని, ఆ పుట్ట మీద గుప్పెట్లతో చల్లాను. చీమలు ఆవాల్లా రాలాయి. కొన్ని గుడ్లు నోట కరుచుకుని ఆ పొడిలోంచే పాకాయి, పాకినవి పాకినట్టే ఆగిపోయాయి. నాకు జాలి కలగలేదు. వేళ్ళు గుంజి గుంజి గౌను ఒడి నిండా నింపుకున్నాను.

సాయంత్రం లచ్చవ్వ గడపలో ఒడి విప్పి గర్వంగా నిలబడ్డాను. ఆమె ఒక వేరు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని కిందపెట్టేసింది.

"ఏంది బిడ్డా గిది? గమాక్సిన్ గొట్టినవా?"

"అవ్. చీమలన్నీ సచ్చినయ్. ఇంక ఎన్నైనా తీసుకోవచ్చు."

ఆమె తిట్టలేదు. బూడిదతో చేతులు కడుక్కుంది, నా చేతులు కూడా కడిగింది. "ఇది మందు గాదు ఇంక, ఇసం. టీచరమ్మకు పూసుడు కాదు, మేక ముట్టినా సచ్చుద్ది," అంటూ గొయ్యి తీసి ఆ వేళ్ళన్నీ పూడ్చింది. అమ్మకు చెప్పొద్దని కాళ్ళు పట్టుకుని ఏడ్చాను.

"నేను చెప్ప. చెప్పాల్సింది నువ్వు," అంది.

వారం రోజులు ఇద్దరం ఇంకో చెట్టు నుంచి చీమలను ఆకుల పొట్లాల్లో తెచ్చి వదిలాం. అవి పొడి వాసనకు వెనుదిరిగి పోయేవి. కావలి లేక పెంకుపురుగులు మొగ్గలన్నిటినీ బొక్కలు పెట్టాయి. మట్టి రాలిపోయి మిగిలిన నాలుగు వేళ్ళూ ఎండకు ముడుచుకుపోయాయి. రోజూ చెట్టు కిందికి వెళ్ళి తలెత్తి చూసేదాన్ని, రోజూ ఆకులు ఇంకొంచెం పసుపు. దగ్గరలో పోడు సేద్యానికి చెట్లు కొట్టిన తరవాత అలాంటి బదనిక ఇంకొక్కటీ మిగల్లేదు. గుట్ట అవతల ఉన్నాయట, అంతదూరం లచ్చవ్వ నడవలేదు. బదనిక ఎండకు మాడిపోయిందనే లచ్చవ్వ అమ్మకు చెప్పింది.

విచిత్రమేమంటే, నూనె మాత్రం ఆగలేదు. ప్రతి సాయంత్రం లచ్చవ్వ చిప్పలో కొంచెం నూనె తెచ్చి అమ్మ మోకాళ్ళకు రాసేది. ఎక్కడిదని నేను అడగలేదు, అడగడానికి భయం. ఒకరోజు మజ్జిగ ఇచ్చి రమ్మని అమ్మ పంపితే వాళ్ళ ఇంటికి వెళ్ళాను. చూరుకు వేలాడే ఏడాది సీసా అడుగు కనబడుతోంది. లచ్చవ్వ గడపలో కూర్చుని ఉంది. మజ్జిగ అందుకోవడానికి గుంజ పట్టుకుని లేవబోయి, లేవలేక మళ్ళీ కూర్చుంది.

"అవ్వా, నీ నూనె అమ్మకు పూస్తున్నవా?"

"నాకు ఏడ బడి ఉన్నది బిడ్డా?" అంది. "నేను కూసున్నా నడుస్తది."

జూన్‌లో బడి తెరిచారు. అమ్మ బోర్డు అంచు పట్టుకుని నిలబడి అ ఆ లు రాసింది. నూనె పనిచేసిందో, మాత్రలు పనిచేశాయో, నాలుగు నెలల విశ్రాంతి పనిచేసిందో నేను చెప్పలేను. కానీ ఆ ఆదివారం ప్రార్థనలో అమ్మ లేచి నిలబడి, తనను నడిపించిన దేవునికీ, ఇప్పచెట్టు మీది బదనికకూ స్తోత్రాలు చెబుతుంటే, తెల్లచొక్కా నాన్న పక్కన నేను తలెత్తలేకపోయాను. రెండేళ్ళకు అమ్మకు మణుగూరు బదిలీ అయింది. మేము ఊరు వదిలే రోజు లచ్చవ్వ సాగనంపడానికి గుమ్మం దాకా చేతుల మీద జరుగుతూ వచ్చింది. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు.

ఇప్పుడు అక్కడ పక్కా భవనం ఉందట, ఇప్పచెట్టు రోడ్డు కింద పోయిందట. బదనిక అంటే ఏమిటని అక్కడి పిల్లలే అడుగుతున్నారని ఆ మధ్య అటునుంచి వచ్చిన ఒకాయన అన్నాడు. లచ్చవ్వ పోయి చాలా ఏళ్ళయింది. ఆమె చివరి సంవత్సరాలు ఎలా గడిచాయో ఆయన చెప్పలేకపోయాడు.

అమ్మకు ఎనభై దగ్గరపడుతోంది. పొద్దునా సాయంత్రం మా వరండాలో ఇరవై చుట్లు లెక్కపెట్టి మరీ నడుస్తుంది. మొన్న ఆ పొడి వాసన తగిలిన సాయంత్రం, ఆమె నడక ముగించి వచ్చాక, ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. చీమలు, డబ్బా, గొయ్యి, సీసా. నలభై ఏళ్ళు దాచినందుకు తిడుతుందనుకున్నాను. పిల్లదానివి, నీకేం తెలుసంటుందని లోపల ఆశ కూడా పడ్డాను. అమ్మ రెండూ అనలేదు. రెండు చేతులతో తన మోకాళ్ళు తడుముకుంది.

"ఊరొదిలే ముందు చెప్పినా సరిపోయేది గదే," అంది. "ఆమెను నాతో తెచ్చుకునేదాన్ని."