మా మేనత్త బాగుచేయించని స్లాబు

మా మేనత్త పోయింది. మృగశిర కార్తె దాటినా చినుకు రాలని ఈ ఏడు, పిండిగిర్ని పక్క గదిలో మంచం మీద, పొద్దున చాయ్ సగం తాగి, మిగతా సగం చల్లారకముందే పోయింది. పక్కనే ఉండే వెల్డింగ్ షాపు ఖాలా ఫోన్ చేసి, "బిడ్డా, మీ అత్త ఇడిశిపెట్టి పోయింది, జల్ది రా" అని ఏడ్చింది. నేను నిర్మల్‌లో బస్సెక్కాను. నస్పూర్ చేరేదాకా నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఆ మనిషి ఇంకా బతికే ఉన్నాడు, ఆ ఒక్క మాటా చెప్పనే లేదు, అత్త మాత్రం వినకుండానే వెళ్లిపోయింది.

ఆ మనిషి మా అత్తకు బావ. ఎప్పుడో చనిపోయిన మా మామకు సొంత అన్న. నేను పెద్దమామ అని పిలుస్తాను. పోయినవాళ్లను తలుచుకునేటప్పుడు మంచి మాటలే చెప్పుకోవాలని అందరూ అంటారు. మా అత్త మంచిదే. నన్ను తన దగ్గరే ఉంచుకుని ఇంటర్ చదివించింది, నా పెండ్లికి ముందుండి పనులు చేసింది. కానీ ఆమెలోని పగను తీసేసి రాస్తే అది మా అత్త గురించి రాసినట్టు ఉండదు. ఆమెకే నచ్చదు.

గల్లీ చివర ఆమె పిండిగిర్ని. జొన్నలు, గోధుమలు, పసుపుకొమ్ములు, ఎండాకాలం మిరపకాయలు. బొగ్గు కాలరీలో డ్యూటీ దిగి ఇంటికి పోయేవాళ్లు సైకిల్ మీద డబ్బా పెట్టుకుని వచ్చేవాళ్లు. తలకు చేతిరుమాలు కట్టుకుని, కనుబొమ్మల మీద పిండితో అత్త మిషన్ దగ్గర నిలబడేది. ఒక ఇంటి పిండి ఇంకో ఇంటి పిండిలో కలవనిచ్చేది కాదు. మధ్యలో గుడ్డతో దులిపి, దోసెడు గింజలు వేసి తిప్పి, అప్పుడు గానీ రెండో డబ్బా అందుకునేది కాదు. "వాళ్లింట్ల షుగరున్నోళ్లు ఉంటరు, వీళ్లింట్ల చంటిపిల్లలు ఉంటరు. కలిస్తే ఎట్ల?" అనేది.

మామ పోయేనాటికి గిర్ని మీద రేకులే ఉండేవి. ఎండకు లోపల నిలబడలేకపోయేవాళ్లం. వాన పడితే చప్పుడుకు ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు. పెద్దమామ రోజూ వచ్చి, "ఒక్కదానివి ఈడ ఎందుకు పరేషాన్ అయితవు, మీ అవ్వగారింటికి పోరాదు?" అని సానుభూతి చూపేవాడు. ఆమె పోతే జాగా ఆయనకు మిగులుతుంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు, ఆమెకూ తెలుసు. అత్త రేకులు తీయించి స్లాబు వేస్తున్నానని చెప్పింది. ఆ మాటతో ఆయన ముఖం మాడిపోయింది. స్లాబు వేసుకున్న మనిషి ఇక ఎక్కడికి పోతుంది?

మా గల్లీలో ఒక పద్ధతి ఉంది. ఎవరింట్లో స్లాబు పోస్తున్నా ఆ రోజు ప్రతి ఇంటి నుంచీ ఒక బిందె నీళ్లు వస్తాయి. అడగనక్కర్లేదు. మాటలు లేని ఇళ్ల నుంచి కూడా వస్తాయి. తెచ్చినవాళ్లు నీళ్లు డ్రమ్ములో పోసి, ఒక్క క్షణం నిలబడి పని చూసి, సాయంత్రం దావత్‌కు వస్తామని చెప్పి పోతారు. అసలు నీళ్లు బోరువే అనుకోండి, కానీ ఆ బిందెలు రాకపోతే స్లాబు పడినట్టు కాదు. ఆ రోజు అందరూ తెచ్చారు. పెద్దమామ ఇంటి నుంచి రాలేదు. మర్చిపోయారేమో అనుకున్నాను.

సగం స్లాబు పడింది. కాంక్రీటు కలిపే మిల్లర్ గిర్రున తిరుగుతోంది, కూలీలు వరుసగా నిలబడి తట్టలు పైకి అందిస్తున్నారు, వైబ్రేటర్ చప్పుడు గల్లీ అంతా వినిపిస్తోంది. డ్రమ్ముల్లో నీళ్లు అడుగంటాయి. మోటరు వేద్దామని నేనే పరుగెత్తాను. బోరు అన్నదమ్ములిద్దరిదీ. స్టార్టర్ డబ్బా మాత్రం పెద్దమామ ఇంటి వరండాలో ఉంటుంది. వరండా గ్రిల్లుకు ఇంత లావు తాళం వేలాడుతోంది. ఇంట్లో ఎవరూ లేరు. ఫోన్ చేస్తే ఉట్నూర్‌లో పెండ్లికి పోతున్నామన్నాడు.

"తాళంచెయ్యి జేబుల్నే ఉండిపాయె బిడ్డా. ఇప్పుడేం జెయ్యాలె?"

వెనక ఆయన భార్య గొంతు వినపడింది. "గా పిల్లకు ఏదన్న ఉపాయం చెప్పుండ్రి" అంటోంది. ఫోన్ కట్ అయింది.

తాళం పగలగొడదామన్నాడు మేస్త్రి. అత్త వద్దంది. "పగలగొడితే రేపు టేషన్ల నేను దొంగనైత. ఆయనకు గదే గావాలె." నల్లా నీళ్లు పొద్దున ఒక్కపూటే వస్తాయి. అప్పటికే ఎండ మాడ్చేస్తోంది. ఖాలా తన ఇంట్లో తాగడానికి పెట్టుకున్న కుండతో సహా తెచ్చి డ్రమ్ములో వంచింది. "ఫికర్ చెయ్యకు ఆపా, మేం సోడా తాగి బతుకుతం" అంది. మిగతా ఇళ్లవాళ్లూ అంతే, వంటకు పెట్టుకున్నవి కూడా తెచ్చారు. ఆ నీళ్లతో మిల్లర్ ఇంకాసేపు తిరిగి ఆగిపోయింది. ట్యాంకరు వచ్చేసరికి పొద్దు గూకింది. పోసిన సగం అంచు అప్పటికే గట్టిపడింది. మేస్త్రి ఆ అంచు మీద చెయ్యి పెట్టి చూసి తల అడ్డంగా ఊపాడు. "స్లాబు ఆగకుండ ఒక్కటే తీరుగ పడాలె అమ్మా. గీడ అతుకు వడ్డది. రేపు సిమెంటు పాలు పోసి కలుపుత గని, నేనైతే మాటియ్య."

మర్నాడు మిగతా సగం పోశారు. ఆ సాయంత్రం దావత్‌కు పెద్దమామ వచ్చాడు. మాంసం తిన్నాడు. ఎముక చీకుతూ, "యాదిమరిచిన, ఏమనుకోకు" అన్నాడు. అత్త ఆయన విస్తట్లో ఇంకో గరిటె వేసింది. ఆయన పోయాక చేతులు కడుక్కుంటూ నాతో అంది. "మర్చిపోయిన అన్నడు సూడు. మర్చిపోలే, తెలిసే తాళం వేసిన అని నలుగుట్ల ఆయన నోటితోటి అనిపిస్త. అప్పటిదాక నేను సావ."

ఆ ఏడు వానలకే అతుకు బయటపడింది. గిర్ని నట్టనడుమ, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, గీత గీసినట్టు చుక్కలు. అత్త మిషన్‌ను పక్కకు జరిపించింది. అతుకు కింద జాగా ఖాళీగా ఉంచింది. అక్కడ ఒక కుర్చీ వేసింది.

ఆ కుర్చీ ఎవరికో నాకు బోనాల నాడు తెలిసింది. చుట్టాలందరూ వచ్చారు, బయట జోరుగా వాన. అత్త కొంగు భుజం నిండా కప్పుకుని ఎదురుపోయింది. "బావా, అందరిల పెద్దోళ్లు మీరు. నడిమిట్ల కూసోండ్రి." ఆయన పైకి చూశాడు. కుర్చీని కొంచెం పక్కకు జరపబోయాడు. అత్త మర్యాదగా దాన్ని మళ్లీ అక్కడికే లాగింది. "ఆనాడు మీరు నీళ్లియ్యకపోతే ఏమాయె బావా, నా స్లాబు మీకు ఇస్తది" అంది. నవ్వుతూనే అంది. చుట్టాల్లో ఒకరిద్దరికి అర్థమై తల వంచుకున్నారు. పెద్దమామ లేస్తే చేసింది ఒప్పుకున్నట్టే. లేవకపోతే నెత్తి తడుస్తుంది. ఆయన లేవలేదు. అంత మొండివాడు.

ఆ తర్వాత ఏ శుభకార్యమైనా అత్త ఆయన్ని పిలవకుండా ఉండలేదు. ఆయనా రాకుండా ఉండలేదు, రాకపోతే భయపడ్డాడంటారని. చుక్క ఆయన బట్టతల మీద పడి, చెవి పక్కనుంచి జారి కాలర్‌లోకి పోయేది. అత్త కళ్లు ఆ చుక్కతో పాటే కిందికి దిగేవి. అలాంటి రోజుల్లో ఆమె రాత్రి అన్నం రెండుసార్లు పెట్టుకుని తినేది.

ఒకసారి పెద్దమామ ఇంటి గోధుమలు పట్టడానికి వచ్చాయి. మిరపకాయలు పట్టిన మిషన్‌లో వేసేద్దాం అత్తా అన్నాను. ఆమె నా నెత్తిన ఒక్కటి వేసింది. "పిండి తినేది ఆయనొక్కడేనా? వాళ్లింట్ల ఆడోళ్లు నాకేం జేసిండ్రు? నాకు మనిషితోటి పగ, గింజలతోటి కాదు." ఆ గోధుమలు మామూలు కంటే మెత్తగా పట్టింది.

స్లాబు బాగుచేయించమని చెప్పనివాళ్లు లేరు. ఏదో మందు పూస్తే అతుకు మూసుకుపోతుందని, ఒక్కరోజు పనేనని ఒకాయన డబ్బాలు కూడా పట్టుకొచ్చాడు. ఖాలా కూడా సరే అనమంది. అత్త ఆయనకు చాయ్ ఇచ్చి పంపేసింది. "గది బాగైతే ఆయన చేసింది మాఫ్ అయిపోతది. ఎందుకు కారుతుందని ఎవ్వరన్న అడిగితేనే గదా నేను చెప్పేది" అంది. నిజమే, అడిగిన ప్రతి మనిషికీ మొదటినుంచీ చెప్పేది. గిర్నికి కొత్తగా వచ్చినవాళ్లకు పిండితో పాటు ఈ కథ కూడా దొరికేది.

ఈ ఎండాకాలం మంచాన పడింది. నేను వచ్చిన ప్రతిసారీ ఒకటే అడిగేది. "వాన వడ్డదా?" పడలేదు. చివరిసారి నేను జావ తాగిస్తుంటే నా మణికట్టు పట్టుకుంది. "దినం నాడు ఆయన్ను గక్కడ్నే కూసోవెట్టు. చెప్తే సరే. చెప్పకుంటే ఏడాది మాసికానికి మల్ల పిలువు." జావ గ్లాసు పక్కన పెట్టి నేను సరే అన్నాను. ఆమె నిద్రపోయింది.

దినం నాడు ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. మబ్బు తునక లేదు. పొద్దున్నే నేను స్లాబు ఎక్కి నాలుగు దిక్కులా చూశాను. నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. ఒక్కపూట వాన ఇస్తే దేవుడి సొమ్మేం పోయింది? అప్పుడే ఖాలా మెట్లెక్కి వచ్చింది, చంకలో బిందెతో.  నీళ్లు పోయే గొట్టంలో పాత గోనెసంచి కుక్కి, అతుకు మీద బిందె వంచింది.

"ఇట్లనే గదా కొత్త స్లాబుకు మళ్లు కట్టి నీళ్లు నిలవెడ్తరు" అంది.

నేను కిందికి పోయి గిర్ని గడపలో నిలబడి, మా అత్త స్లాబుకు నీళ్లు కావాలని ఒక్క ఇంట్లో చెప్పాను. అంతే. నల్లా సరిగ్గా రాని రోజులవి. అయినా గల్లీ అంతా కదిలింది. బిందె మీద బిందె పైకి పోయింది. ఎవరు తెస్తున్నారో కూడా నేను చూసుకోలేదు, అటు వంటల దగ్గర కేకలేస్తున్నారు. పెద్దమామ భార్య పొద్దున్నుంచీ మాతోనే ఉంది, కూరగాయలు తరుగుతూ. ఆమె ఎప్పుడు బయటికి పోయిందో ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు.

బంతి వేశారు. నేను అతుకు కింది జాగాకు చెయ్యి చూపించి, "మామా, మీరు పెద్దోళ్లు, నడిమిట్ల కూసోండ్రి" అన్నాను. ఆయన పైకి చూసుకోలేదు. ఎందుకు చూస్తాడు, బయట ఎండ పేలిపోతోంది. అత్త లేదు, వాన లేదు. ఈసారి ఆయన నిమ్మళంగా కూర్చుని విస్తరి ముందుకు లాక్కున్నాడు. నేను అన్నం పెట్టాను. పప్పు వేశాను. మొదటి ముద్ద కలుపుతుండగా చుక్క పడింది, సరిగ్గా అన్నం మీద.

ఆయన చెయ్యి ఆగింది. ఇంకో చుక్క. గడపలోంచి కనిపిస్తున్న ఎండను చూశాడు, తర్వాత పైకి చూశాడు.

"వాన లేదు గద?"

"లేదు మామా. గల్లీ వాళ్లు పోసిండ్రు. అత్త స్లాబుకు."

ఎవరూ తినడం లేదు. ఆయన కలిపిన ముద్దను విస్తట్లో వదిలేశాడు. పెదవులు కదిలాయి. "మర్చిపోలే. తెలిసే వేస్కపోయిన" అన్నాడు, విస్తరికేసి చూస్తూ.

నాకు స్పష్టంగా వినపడింది. పక్కనున్నవాళ్లకూ వినపడింది. కానీ బంతి ఆ కొస దాకా వినపడాలి, పక్కగదిలో దీపం పెట్టిన ఫోటో దాకా వినపడాలి.

"వినవడలే మామా. జర గట్టిగ చెప్పుండ్రి."

ఆయన నా ముఖం చూశాడు. జాలి వెతుక్కున్నాడేమో. నాలో లేదు.

"తాళంచెయ్యి మర్చిపోలే" అన్నాడు గట్టిగా. "స్లాబు ఆగాలెనని తెలిసే వేస్కపోయిన."

నా కడుపు చల్లబడింది. ఏడుపు అప్పుడు వచ్చింది, దినాలన్నిటిదీ కలిపి. ఆయన విస్తరిని మాత్రం నేను పక్కకు జరపలేదు, ఇంకో గరిటె అన్నం పెట్టాను. చుక్కలు పడుతూనే ఉన్నాయి. ఆయన ఆ నీళ్లతోనే కలుపుకుని తిన్నాడు.

స్లాబు బాగుచేయించాలి. మేస్త్రికి చెప్పాను, వానలు వెళ్లాక రమ్మని. ఈ వానకాలం మాత్రం దాన్ని ముట్టనివ్వను.

ఆ రోజు చెయ్యి కడుక్కోవడానికి పెద్దమామ మెట్ల దగ్గరికి పోయాడు. ఖాళీ బిందెలన్నీ మెట్ల మీద వరుసగా బోర్లించి ఉన్నాయి, ఎవరివి వాళ్లు తీసుకుపోవడానికి. స్టీలు బిందెల మీద మా దగ్గర పేర్లు చుక్కలు చుక్కలుగా కొట్టిస్తారు. కింది మెట్టు మీద ఉన్నదాని దగ్గర ఆయన ఆగిపోయాడు. దాని మీద ఆయన పేరే ఉంది. ఆయన తిరిగి చూశాడు. లోపల ఆయన భార్య ఎంగిలి విస్తళ్లు ఎత్తుతోంది, తల ఎత్తలేదు. ముసలాయన వంగి, బిందె చంకన పెట్టుకుని, తడిసిన చొక్కాతో ఆ ఎండలో గల్లీ పొడుగునా ఒక్కడే నడుచుకుంటూ పోయాడు.