యాకూబ్ సారు రాని రోజుల సంతకాలు

మా చిన్నప్పుడు... మంగళవారం, శుక్రవారం పొద్దెక్కేసరికి ఊరి మలుపులో సైకిల్ గంట మోగేది. ఆ గంట వినగానే చేతిలో ఉన్న చాట అక్కడే పెట్టి, లోపలికి పరుగెత్తి, చిలక్కొయ్యకు వేలాడే సంచిలోంచి ఒక పుస్తకం తీసేదాన్ని... పోలీసు వాళ్ల పుస్తకం.

కారేపల్లి దాటి అడవి వైపు పోతే పాతిక ఇళ్ల ఊరు మాది. గస్తీకి వచ్చే కానిస్టేబుల్ పేరు యాకూబ్ సారు. ఊరు తిరిగినట్టు గుర్తుగా ఆ పుస్తకంలో తేదీ, టైము, "అంతా సవ్యంగా ఉంది" అని రాసి ఆయన సంతకం పెట్టాలి. ఆ సంతకం పక్కన మా ఊరివాళ్లలో ఎవరో ఒకరు కూడా పెట్టాలి. మా ఇల్లు దారి మొదట్లో ఉండడంతో పుస్తకం మా ఇంట్లోనే ఉండేది. అమ్మానాన్న పొద్దున్నే కూలికి పోయేవాళ్లు. నాయనమ్మకు రాయడం రాదు. అందుకని మూడో తరగతి చదివే నాతో పెట్టించేవారు.

నేను బయటివాళ్లతో అస్సలు మాట్లాడేదాన్ని కాదు. తలుపు చాటు నుంచే పుస్తకం అందించి, సంతకం పెట్టి, మళ్లీ తలుపు చాటుకే.

"మీ మనుమరాలికి మాటలు రావా అవ్వా?" అని సారు నవ్వేవారు.

"దాని మాటలు గూడ నేనే మాట్లాడుత తియ్యి. ముందు నా కోడి సంగతి రాసుకో యాకూబు. రెండు దినాలాయె కనవడక."

"ఎట్లుంటది కోడి?"

"ఎట్లుంటది... కోడి లెక్కనే ఉంటది!"

సారు నిజంగానే జేబులోంచి చిన్న కాగితం తీసి రాసుకునేవారు. కొత్తవాళ్లు ఎవరైనా వచ్చారా, జ్వరాలు గిట్ల ఉన్నాయా అని అడిగి, సర్వలో నీళ్లు ముంచుకుని తాగి, ఇల్లిల్లూ తిరిగి వెళ్లిపోయేవారు.

ఒక ఎండాకాలం... తునికాకు కోసే రోజులు. ఆ మంగళవారం సారు సైకిల్ నడిపించుకుంటూ వచ్చి అరుగు మీద కూలబడ్డారు. మొహం కందిపోయింది. "ఈ ఎండల తిరుగుడు నాతోని అయితలేదవ్వా" అన్నారు. నాయనమ్మ గబగబా మజ్జిగ కలిపి ఇచ్చింది.

ఆయన పోయాక నాకు ఒక ఆలోచన వచ్చింది. సారు ఇంత దూరం వచ్చేది ఈ పుస్తకంలో రాయడానికే కదా... అది నాకూ వచ్చు కదా!

గోడకున్న క్యాలెండర్ చూసి, రాబోయే మంగళవారాలు, శుక్రవారాలు వరుసగా రాశాను. అన్నిటికీ పదకొండు గంటలే. అన్నిటికీ "అంతా సవ్యంగా ఉంది". చిక్కుడు తీగలా మెలికలు తిరిగే సారు సంతకం కూడా చూసి చూసి దించేశాను. పక్కన నాది. ఆ పేజీ నిండాక గానీ పెన్ను వదల్లేదు.

శుక్రవారం సైకిల్ గంట మోగలేదు. జీపు వచ్చింది. ముందు ఎస్సై, వెనక యాకూబ్ సారు. గస్తీ పుస్తకాలు చూసిపోవడానికి వచ్చారట.

నాయనమ్మ తెచ్చిచ్చిన పుస్తకం తెరిచి, ఎస్సై చేతి గడియారం చూసుకున్నారు.

"ఏందయ్యా ఇది? ఇంక పది గాలేదు, ఇయ్యాల పదకొండింటికి వచ్చిపోయినట్టు రాసుంది. వచ్చే మంగళారం గూడ తిరిగినవ్... ఆ మీద శుక్రారం గూడ తిరిగినవ్! ఇది నీ సంతకమేనా?"

సారు పుస్తకం వైపు చూశారు. తర్వాత తలుపు వైపు చూశారు. నా లంగా అంచు కనపడే ఉంటుంది.

"అవ్ సార్... తప్పయింది."

"తప్పయింది అంటే సరిపోద్దా? పైకి రాస్త. సస్పెండ్ అయితవ్."

"మావోడు మంచోడు బాబూ, మొన్న గూడ నా కోడి గురించి రాసుకున్నడు" అంది నాయనమ్మ. ఆ మాట ఎవరూ వినిపించుకోలేదు.

ఎలా బయటికి వచ్చానో తెలియదు... వచ్చి నిలబడ్డాను. ఎస్సై చేతిలో పుస్తకానికి దారంతో కట్టిన పెన్ను వేలాడుతోంది. అది పట్టుకున్నాను. ఆయన ఆశ్చర్యంగా పుస్తకం కిందికి దించారు. నేల మీద కూర్చుని, పేజీ తిప్పి, "అంతా సవ్యంగా ఉంది" అని రాసి, సారు సంతకం మెలిక తప్పకుండా పెట్టి చూపించాను.

ఎస్సై నా వైపు వంగారు.

"ఎందుకు రాసినవ్ బిడ్డా?"

"ఎండ..." అన్నాను. అంతే వచ్చింది. తర్వాత ఏడుపే.

ఎస్సై ఆ లైన్లన్నీ కొట్టేసి, కింద ఏదో రాసి, తన సంతకం పెట్టారు. జీపు ఎక్కుతూ, "యాకూబ్, రేపటి సంది నీ బదులు డ్యూటీకి ఈ పిల్లను తోలు" అని నవ్వారు.

సారు వెంటనే జీపు ఎక్కలేదు. నా ముందు గొంతుక్కూర్చున్నారు. తిడతారనుకున్నాను.

"గట్ల రాయద్దు బిడ్డా. నేను రాకుంటే మీ నాయనమ్మ కోడి సంగతి ఎవలు వింటరు?" అన్నారు. కళ్లు తుడుచుకున్నారో, చెమటే తుడుచుకున్నారో... నాకు ఇప్పటికీ తెలియదు.

అయిదో తరగతితో నా చదువు ఆగిపోయింది. పెళ్లయి తిరుమలాయపాలెం వైపు వచ్చాను. ఇక్కడ మా ఇంటి ఎదురు స్తంభానికి ఒక క్యూఆర్ కోడ్ స్టిక్కర్ అంటించారు. పోలీసు అబ్బాయి బండి మీద వస్తాడు, ఫోన్ దానికి చూపిస్తాడు, టింగుమంటుంది, గస్తీ తిరిగినట్టే లెక్క, వెళ్లిపోతాడు. ఎన్ని ఊళ్లు తిరగాలో పాపం, అతన్ని అనేదేముంది.

మొన్న ఎండ మండిపోతుంటే, ధైర్యం చేసి చెంబుతో నీళ్లు పట్టుకుని గడప దాటాను. అప్పటికే బండి మలుపు తిరిగింది. చెంబు పట్టుకుని ఆ స్టిక్కర్ వైపే చూస్తూ నిలబడ్డాను... దాని మీద ఎవరి పేరూ లేదు. పక్కన నా సంతకానికి చోటూ లేదు.

మీ ఇంటి అరుగు మీద కూర్చుని, మీ నాయనమ్మ మాటలు విన్న పోలీసు సారు ఎవరైనా ఉన్నారా? ఉంటే ఆయన గురించి కింద ఒక్క ముక్క రాయండి... పక్కన మీ పేరూ పెట్టండి.