వికారాబాద్ వాళ్లు పిలిచిన మెకానిక్

ఆ రోజుల్లో తాండూరులో మాలాంటి లారీ మెకానిక్‌లకు రెండే భయాలుండేవి. నాపబండల లోడుతో దూసుకొచ్చే లారీకి ఎదురుపడటం ఒకటి, పని నేర్పి జీతమిచ్చే ఉస్తాద్‌ను ఆ జీతం పెంచమని అడగటం రెండోది. మొదటిదాన్ని నేను చాలాసార్లు చాకచక్యంగా తప్పించుకున్నాను (పక్కనున్న గుంతలో పడి). రెండోదాన్ని ఎట్లా గెలిచానో మా మనవలకు వందసార్లు చెప్పాను. ఇప్పుడు మీకు చెప్పేది నూటొకటోసారి. కాకపోతే ఈసారి నిజం కూడా కాస్త కలుపుతున్నాను. వయసు మీదపడ్డాక అబద్ధాలు గుర్తుపెట్టుకోవడం కష్టమవుతోంది.

మా లారీల షెడ్డులో నేను పెద్ద మెకానిక్‌ని. బండి ఇంకా మలుపు తిరగకముందే దాని చప్పుడు విని రోగం చెప్పేవాణ్ని. (డ్రైవరు దిగి రోగం చెప్పేవాడు, దాన్నే నేను తల ఊపుతూ ఇంకోసారి చెప్పేవాణ్ని. సరేనా?) పెళ్లి కొత్త. మా అన్న, వదిన, వాళ్ల నలుగురు పిల్లలు ఉండే ఒక్క అర్రలోనే మేమిద్దరం కూడా. కన్నడ సరిహద్దున ఉన్న బషీరాబాద్ నుంచి కాపురానికొచ్చిన మా ఆవిడ మూడు రోజులు ఓపిక పట్టి, నాలుగోనాడు ట్రంకుపెట్టె సర్దుకుంది. ఆమెకు కోపమొస్తే కన్నడం వస్తుంది. ఆనాడు మొత్తం కన్నడంలోనే మాట్లాడింది. నాకు అర్థమైన ముక్క మాత్రం ఇది: "వేరే అర్ర దొరికిన నాడు కబురు చెయ్. అప్పటిదాంక మా అమ్మ కాడ్నే ఉంట." అర్ర కావాలంటే కిరాయి కట్టాలి, కిరాయి కట్టాలంటే జీతం పెరగాలి, జీతం పెరగాలంటే ఉస్తాద్ ముందు నోరు తెరవాలి. నా సంసారం మొత్తం ఆ నోటి దగ్గర ఆగిపోయింది.

విప్పి పెట్టిన గేరుబాక్సును ఉస్తాద్ అనుకుని నేను చేసిన ప్రసంగాలు వింటే మీరు కంటతడి పెట్టేవారు. గేరుబాక్సు ప్రతిసారీ ఒప్పుకునేది. ఉస్తాద్‌తోనే చిక్కు. "ఉస్తాద్, ఒక్క మాట..." అనగానే "మాట ఏడికి పోతది బేటా, ముందు పదిహేడు నంబరు పానా అందుకో" అని చెయ్యి చాపేవాడు. పానా చేతికిచ్చాక మాట మళ్లీ గొంతులోకి జారేది. ఇట్లా నెల గడిచింది. చివరికి ఒక శుక్రవారం, నమాజు చదివొచ్చి చాయ్ తాగుతున్న ఉస్తాద్ ముందు నిలబడి, అడగాల్సింది అడగలేక, అనుకోనిది అనేశాను.

"ఉస్తాద్, నన్ను వికారాబాద్ల ఒక షెడ్డోళ్లు పిలుస్తున్నరు. మస్తు జీతమిస్తరంట."

నా లెక్క ప్రకారం ఆయన పరేషాన్ కావాలి, "పోకు బేటా, నేనే పెంచుత" అనాలి. ఆయన చాయ్ కప్పు కింద పెట్టాడు. చేతులు తుడుచుకున్నాడు. లోపలికెళ్లి పాత గుడ్డలో చుట్టిన పానాల సెట్టు తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. అది ఆయనకు ఆయన ఉస్తాద్ ఇచ్చింది. దాన్ని మమ్మల్ని ఏనాడూ ముట్టనిచ్చేవాడు కాదు.

"కొత్త జాగకు ఉత్త చేతులతోని పోవద్దు" అన్నాడు. కళ్లు మాత్రం షెడ్డు కప్పు వైపు ఉన్నాయి.

మా లైనులో అదొక రివాజు. తన దగ్గర పని నేర్చుకున్న షాగిర్దు పెద్ద పనికి పోతుంటే ఉస్తాద్ పానాలిచ్చి, డ్రైవర్లందరికీ దావత్ చేసి సాగనంపాలి. రివాజు నాకు తెలుసు. అది నాకూ వర్తిస్తుందనే తట్టలేదు. ఆదివారం యాభైమంది డ్రైవర్లు వచ్చారు. (పన్నెండు మంది. అందులో ఇద్దరు పక్క షెడ్డు గిరాకీలు, బగారన్నం వాసనకొచ్చారు.) నా మెడలో దండ వేశారు. "మా పోరడు వికారాబాద్ల ఉస్తాద్ అయితుండు" అని ఉస్తాద్ ఒక్కొక్కరికీ చెప్తుంటే నేను ముక్క నమలలేకపోయాను. నిజం చెప్పేద్దామని రెండుసార్లు లేచాను. రెండుసార్లూ నా విస్తట్లో ఇంకో ముక్క వేశారు.

అట్లా, లేని ఉద్యోగానికి ప్యాసింజర్ ఎక్కాను. వికారాబాద్‌లో ఉన్న ప్రతి షెడ్డూ తిరిగాను. అందరూ అడిగేది ఒకటే: "ఎవరి షాగిర్దువి?" నేను గర్వంగా మా ఉస్తాద్ పేరు చెప్పేవాణ్ని. ఒకాయన నన్ను కిందికీ మీదికీ చూసి, "గాయిన కాడ పని ఎవడన్న ఇడిసిపెట్టి ఒస్తడా? ఏం పాడుచేసి ఒచ్చినవో అది చెప్పు ముందుగాల" అన్నాడు. మిగతావాళ్లు ఇదే మాటను ఇంకా తక్కువ మర్యాదగా చెప్పారు. నాలుగు రోజులు స్టేషను బెంచీ మీద, పానాల సెట్టు తలకింద పెట్టుకుని గడిపాను.

ఐదోనాడు, పట్నంలో బండలు దింపి ఖాళీగా తాండూరు పోతున్న లారీ కనబడితే ఎక్కాను. డ్రైవరు మా దావత్‌లో తిన్నవాడే. అనంతగిరి ఘాటు దిగి కొంత దూరం పోయామో లేదో, వెనక చక్రాల మీద బరువు మోసే కమాన్ పట్టీల నడుమ బోల్టు తెగింది.

"వికారాబాద్ ఉస్తాద్‌వి ఉండంగ నాకేం ఫికర్?" అన్నాడు డ్రైవరు.

పానాలున్నాయి, కొత్త బోల్టు లేదు. అది తాండూరు నుంచి రావాలి. వెనకొచ్చిన బస్సు ఆగలేదు, దాని తర్వాత వచ్చిన లారీ ఎక్కి డ్రైవరే పోయాడు. "నేనున్ననని మాత్రం ఉస్తాద్‌కు చెప్పకు అన్నా" అని బతిమాలాను. అతను షెడ్డులో అడుగుపెట్టి మొట్టమొదట చెప్పింది అదేనట. బోల్టు సంగతి తర్వాత గుర్తొచ్చిందట.

నేను జాకీ ఎత్తి, కింద దూరి, పట్టీలు విప్పుతుండగా స్కూటరు చప్పుడైంది. (ఆ చప్పుడు మాత్రం నేను నిజంగానే దూరం నుంచి గుర్తుపట్టాను.) ఎవరో బోల్టుతో నా అరికాలు మీద తట్టారు.

"వికారాబాద్ షెడ్డు గీడికొచ్చిందా బేటా?"

లారీ కింద పడుకునే మొత్తం చెప్పాను. బయటికొచ్చి మొహం చూపించి చెప్పే ధైర్యం లేదు. షెడ్డు లేదు, పిలుపు లేదు, అర్ర లేదు, ఇంటిది బషీరాబాద్‌లో ఉంది, నాలుగు రోజులుగా పడక స్టేషను బెంచీ మీదే, అన్నీ చెప్పాను.

"జీతం పెంచమని అడగనీకె గింత దూరం తిరిగినవా?"

"అవును ఉస్తాద్."

"నోరు తెరిచి అడిగితె కొడుతుంటినా?"

"పానా అందుకోమంటుంటివి."

ఆయన నవ్వాడో దగ్గాడో కింది నుంచి తెలియలేదు. బోల్టు అందించి, పక్కనే గొంతుక్కూర్చున్నాడు. "ఇప్పుడు నిన్ను ఎట్ల తీస్కపోవాలె? దండేసి, దావత్ చేసి పంపినోణ్ని, మల్ల అదే జీతానికి తెచ్చుకుంటె నా ఇజ్జత్ ఏంగావాలె?" అని నన్నే నిలదీశాడు. నట్టు బిగించడం అయ్యేలోగా దారి కూడా ఆయనే కనుక్కున్నాడు. ఊళ్లో అందరికీ చెప్పాల్సింది ఇది: వికారాబాద్ వాళ్లు వదలమంటే వదలమన్నారట. తనే స్కూటరేసుకుని పోయి, ఎక్కువిస్తానని చెప్పి వెనక్కి తెచ్చుకున్నాడట. "గట్ల చెప్పినంక ఇయ్యకుంటె అబద్ధమైతది. అందుకని ఇస్త" అన్నాడు, నా మీద కోపంగా.

జీతం రెట్టింపైంది. (కాలేదు. అర్ర కిరాయికి సరిగ్గా సరిపోయేంత పెరిగింది.) పానాల సెట్టు తిరిగిస్తే తీసుకోలేదు. మా ఆవిడ ట్రంకుపెట్టెతో దిగింది. కొత్త అర్ర చూడ్డానికి వచ్చిన ఉస్తాద్ కప్పు పెంకులు లెక్కపెట్టినట్టు చూసి, చాయ్ తాగి, నేను బీడీలకు పోయొచ్చేలోగా మా ఆవిడతో నాలుగు మాటలు మాట్లాడి వెళ్లాడు. అప్పటినుంచి ఇంట్లో ఈ కథ నేనెట్లా చెప్పినా ఆమె మాట్లాడకుండా వినేది. రెండు ఊర్లు నాకోసం కొట్లాడుకున్న చోట మాత్రం ఎప్పుడూ చిన్నగా దగ్గేది. వంటింటి పొగ అనుకునేవాణ్ని. గ్యాసు పొయ్యి వచ్చాక కూడా దగ్గింది.

నిన్న, ఇక్కడిదాకా రాసిన కాగితాలు ఆమెకు చదివి వినిపించాను. పాపం, ఇన్నేళ్ల తర్వాత నిజం తెలిసి ఏమైపోతుందోనని మధ్యమధ్య ఆగాను కూడా.

"ఉస్తాద్ ఆనాడే చెప్పిండు, నువ్వు బీడీలకు పోయినప్పుడు" అంది ఆమె, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ. "స్టేషన్ బెంచీ మీద పండినవని గూడ చెప్పిండు."

"మరి ఇన్నేండ్లు ఎందుకు ఊకున్నవే?"

"అడిగితె నువ్వు చెప్పుడు బంద్ చేస్తుంటివి. అయినా దావత్‌కు పన్నెండు మంది అని రాసినవేంది? మొన్న పిల్లలకు డెబ్బై అన్నవ్. డెబ్బైయే మంచిగుండె."