నేను లాక్కున్న చెంబు

ఎనభైల చివర్లో, పదో తరగతి అయ్యాక, నర్సు పని నాకు నప్పుతుందో లేదో చూద్దామని మిర్యాలగూడలో ఓ ప్రైవేటు దవాఖానలో చేరాను. నా తెల్లచీరకు పెట్టిన గంజితో సూర్యాపేటలో మా వీధి మొత్తం వారం రోజులు కడుపు నింపుకోవచ్చు. నేను నడిచొస్తుంటే కలెక్టరైనా పక్కకు తప్పుకోవాల్సిందే.

నాలుగో రోజు రైస్‌మిల్లు హమాలీ ఒకాయనను కడుపునొప్పితో తెచ్చారు. ఆపరేషన్ చేయాలి, చుక్క నీళ్లు కూడా తాగనివ్వొద్దని చెప్పి డాక్టరుగారు నన్ను కాపలా పెట్టారు.

"జర గొంతు తడుపుత బిడ్డా, నాలుక ఎండుకపోయింది" అంది ఆయన భార్య.

"సారు వద్దన్నరమ్మా. మళ్ల అడిగితే బయటికి పంపిస్త" అని, ఆమె చేతిలోని నీళ్ల చెంబు లాక్కుని బీరువాలో పెట్టి, గోల్కొండ కోటకు వేసినంత గట్టిగా తాళం వేశాను.

ఆపరేషన్ గదికి తీసుకెళ్లేలోపే ఆయన ప్రాణం పోయింది.

ఆమె ఏడవలేదు. "ఇన్నేండ్లు నా చేతి నీళ్లే తాగిండు. పోయేటప్పుడు నోట్ల చుక్క పొయ్యనియ్యకపోతివి" అంది.

పెద్ద నర్సమ్మ నన్ను పక్కకు పిలిచింది. "తాగనియ్యొద్దన్నరు గని, తడి దూదితోని పెదాలు అద్దొద్దన్నరా పిల్లా?"

తర్వాత కోదాడలో పని నేర్చుకుని నర్సునే అయ్యాను. నీళ్లు తాగకూడని రోగి వస్తే, ముందు ఇంటివాళ్ల చేతికి తడి దూది ఇస్తాను. ఆ రోజు ఆ హమాలీ భార్య చేతికి మాత్రం ఇవ్వలేకపోయాను.