మా కబడ్డీ కెప్టెన్‌ని గూడబాతుని చేశాను

నా జన్మలో నేను బొమ్మలు వేసిన పుస్తకం ఒక్కటేనండీ. ఆ ఒక్కదాని దెబ్బకి ఇప్పటికీ కలిదిండి మీదుగా వెళ్ళే బస్సు ఎక్కాల్సివస్తే ముక్కుదాకా చున్నీ కప్పుకుని కూర్చుంటాను. దొంగతనం చేసినవాళ్ళు కూడా ఇంత భయపడరేమో! వినండి, నవ్వుకోండి. ఆ ఊళ్ళో మాత్రం నా పేరు ఎత్తకండి.

అప్పట్లో తాడేపల్లిగూడెంలో ఒక ప్రెస్సులో శుభలేఖలకి బొమ్మలు వేసేదాన్ని. పొద్దున్న వినాయకుడు, సాయంత్రం పల్లకి, మర్నాడు మళ్ళీ వినాయకుడు. నా మొహం చూసి చూసి ఆయనకీ విసుగొచ్చి ఉంటుంది. "స్వామీ, ఒక్క పుస్తకం ఇప్పించు, నీ మేలు మర్చిపోను" అని రోజూ మొరపెట్టుకునేదాన్ని. ఒకరోజు మా మేనత్త కొడుకు సూరిబాబు బావ ఫోన్ చేశాడు. కలిదిండిలో ఉంటాడు, అక్కడి చెరువుగట్టు కబడ్డీ జట్టుకి మేనేజరు.

"ఏమే, మా జట్టు ఫైనల్‌కొచ్చింది. అభిమానులకి బొమ్మల పుస్తకం కానుకగా ఇద్దామంటున్నారు ప్రెసిడెంటుగారు. మా మరదలు వేస్తుందండీ అని మాటిచ్చేశాను. నా పరువు నీ చేతిలో ఉంది."

"నీ పరువేంటి బావా, మీ ఊరంతా నీ గురించే చెప్పుకుంటారు చూడు!"

చెప్పుకున్నారు. ఇప్పటికీ చెప్పుకుంటున్నారు.

ఊరు చూడకుండా బొమ్మలేస్తే ఏం బావుంటుందని వెళ్ళి అత్తయ్యగారింట్లో దిగాను. తెల్లారీ తెల్లారకుండా ఢాం, ఢాం అని టపాకాయలు!

"అత్తయ్యా, ఎవరిదైనా పెళ్ళా?"

"చెరువుల దగ్గరమ్మా, రోజూ ఉండేదే" అంటూ అత్తయ్య కాఫీ గ్లాసు నా చేతిలో పెట్టి, పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి పరిగెత్తింది. ఆ పాలు ఆ రోజు పొంగకుండా ఉంటే నా బతుకు వేరేలా ఉండేది. ఇంకో ప్రశ్న అడిగేదాన్ని కదా! అడగలేదు. జట్టు గెలిచినందుకు రోజూ టపాకాయలా, ఏం అభిమానం, ఏం అభిమానం అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. గట్ల వెంట నడిస్తే ప్రతి చెరువు మీదా ఈ గట్టు నుంచి ఆ గట్టుకి తళతళలాడే రిబ్బన్లు. చెరువులకి కూడా అలంకారం! ఇంత రసికులున్న ఊరు ఇంకోటి లేదనుకున్నాను.

అక్కణ్ణుంచి కొల్లేటికోట వెళ్ళి పడవెక్కాను. అక్కడ చూశానండీ గూడబాతుని. ఆ రెక్కలేంటి, ఆ దర్జా ఏంటి! సర్రున దిగడం, గభాల్న చేపని పట్టడం, గొంతు కింద సంచిలో వేసుకుని వెళ్ళిపోవడం. అచ్చం కూతకి వెళ్ళే మా బావ జట్టు కెప్టెన్ యేసుబాబే! పడవలోనే లేచి చప్పట్లు కొట్టాను. పడవతను "కూర్చోండమ్మా, మునిగిపోతాం" అని మొత్తుకున్నాడు. నేను అప్పటికే మునిగానని నాకు తెలియదు.

ఇక కెప్టెన్ గూడబాతు, మిగతా ఆటగాళ్ళంతా దాని పక్కన చేపలకోసం మునకలేసే నీటికాకులు. అన్నం మానేసి మరీ వేశాను. బావ రోజూ ఫోన్.

"ఒక్క పేజీ చూపించవే."

"సర్‌ప్రైజ్ బావా!"

"పోనీ ప్రెసిడెంటుగారికైనా..."

"ఎవ్వరికీ చూపించను. అందరూ ఒక్కసారే నోళ్ళు తెరవాలి!"

ఆ ముచ్చటా తీరింది. ఫైనల్ రోజున ఆట మొదలయ్యేముందు జనానికి పుస్తకాలు పంచారు. ఒక పక్కన మన అభిమానులు, ఎదురుగా పెదవేగి జట్టు అభిమానులు. ప్రెసిడెంటు నరసింహరాజుగారు రిబ్బన్ విప్పి పుస్తకం తెరిచారు. ఊళ్ళో సగం చేపల చెరువులు ఆయనవే. ఆయన మొహం మీద నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్ళు మాత్రం మారిపోయాయి.

"ఏమ్మా, ఇది గూడబాతు కదూ?"

"అవునండీ! మన కెప్టెన్!" మైకు నా చేతిలోనే ఉంది, నా అదృష్టం చూడండి.

"మరి ఈ నీటికాకులు?"

"మన జట్టేనండీ!"

"వీటి నోట్లో ఉన్నవి..."

"బొచ్చె చేపలు, శీలావతులు అండీ."

"ఎవరి చెరువులోవమ్మా?"

"మీవేనండీ! వెనకాల మీ షెడ్డు కూడా వేశాను. గుర్తుపట్టారా?"

గుర్తుపట్టారు. పేజీ తిప్పారు. అందులో గూడబాతు కెప్టెన్ చెరువులోకి దిగుతుంటే ఊరంతా గట్టుమీద నిలబడి టపాకాయలు కాలుస్తూ స్వాగతం చెబుతోంది. పైన రిబ్బన్ల తోరణాలు. కింద నేనే రాసిన మాటలు: 'రావయ్యా వీరుడా, మా చెరువంతా నీదే!'

ముందు వరసలోంచి ఒక పెద్దాయన లేచాడు. "ఏవండీ, మా చేపలు తినేసే ఆ పక్షుల్ని తోలడానికి టపాకాయలు కాల్చి కాల్చి నా చెవులు పోయాయండీ. స్వాగతమాండీ అది?"

"ఆ రిబ్బన్లు అవి దిగకుండా కట్టుకున్నామండీ. అలంకారమాండీ?" అన్నారు ఇంకెవరో. చూడండి మా గోదావరి మర్యాద! పీక పిసికేటప్పుడు కూడా అండీ వదలరు.

ఈలోగా యేసుబాబు తల్లి మరియమ్మగారు పుస్తకం పట్టుకుని వేదిక దగ్గరికి వచ్చేశారు. "ఏమ్మా, మా వాడు అందంగానే ఉంటాడు కదా. గొంతు కింద ఆ సంచేంటమ్మా?"

"చేపలు దాచుకోవడానికండీ."

"అయ్యో ప్రభువా! నా బిడ్డ ఒకళ్ళ చేప ముట్టి ఎరగడమ్మా!"

నాకు ఏడుపొక్కటే తక్కువ. బావ వైపు చూస్తే మేనేజరు బ్యాడ్జీ ఊడదీసి జేబులో పెట్టుకుంటున్నాడు.

"బావా..."

"మాట్లాడకు. ఈ జన్మకి నాతో మాట్లాడకు."

జనం పుస్తకాలన్నీ తెచ్చి నా కాళ్ళముందు పోశారు. అప్పుడు ఎదురు పక్కనుంచి పెదవేగివాళ్ళు వచ్చి ఎంతో వినయంగా "ఏవండీ, మీకు అక్కర్లేకపోతే మేం తీసుకోవచ్చాండీ?" అన్నారు. తీసుకెళ్ళారు. ఆట మొదలైంది. యేసుబాబు కూతకి వెళ్ళినప్పుడల్లా వాళ్ళు ఆ పుస్తకాలు పైకెత్తి, చేతులు రెక్కల్లా ఊపుతూ "చేపలు జాగ్రత్తండోయ్!" అని ఒకటే కేకలు. యేసుబాబు మొహం కందగడ్డ అయిపోయింది. ఇక చూడండి, వెళ్ళిన ప్రతిసారీ ఇద్దరిని ముగ్గురిని ఈడ్చుకొచ్చాడు! మన జట్టు గెలిచింది. నా మీద కోపంతో గెలిచింది.

ప్రెసిడెంటుగారు కప్పు తెచ్చి బావ చేతిలో పెట్టారు. అయినా బావ నా వైపు తిరగలేదు. కుంచెలు కొల్లేట్లో పారేద్దామనుకుంటుండగా పెదవేగి జట్టు ప్రెసిడెంటుగారు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. పామాయిలు తోటల ఆసామి, పెద్దమనిషి.

"ఓడిపోయాం గానీ, మీ పుస్తకం మా వాళ్ళకి తెగ నచ్చిందండీ. మాకూ ఒకటి వేసిపెడతారా?"

ప్రాణం లేచొచ్చింది. రెండో పుస్తకం! నా నోరు ఊరుకుంటుందా?

"తప్పకుండానండీ! మీ తోటల వైపు అడవిపందులు తిరుగుతాయటగా? బలానికి బలం, పొగరుకి పొగరు! మీ కెప్టెన్‌ని అడవిపందిని చేసి, మీ లేత మొక్కల మధ్య నిలబెట్టి..."

ఆయన రెండు చేతులూ జోడించి వెనక్కి వెనక్కి నడిచి వెళ్ళిపోయారు. వెనకనుంచి పెద్ద నవ్వు. బావ! కప్పు కిందపెట్టి, పొట్ట పట్టుకుని నేలమీద కూలబడ్డాడు.

"ఒసేయ్, ఆయన మొక్కలన్నీ పెళ్ళగించి పోయేవి అవేనే! నన్నొక్కణ్ణే అనుకున్నాను, అందర్నీ ఇలాగే ముంచుతావన్నమాట! పద, ఇంటికెళ్ళి అన్నం తిందువుగాని."

కాబట్టి మహాజనులారా, మీ అందరి సాక్షిగా కుంచె మీద చెయ్యివేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ ఊరివాళ్ళు ఏ జీవిని వేయమన్నా, అది ఎవరి సొమ్ము తింటుందో ఆ ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి అడక్కుండా పెన్సిలు చెక్కను గాక చెక్కను.