పాసైన కట్ట

చొక్కాలు కుట్టే ఆ ఫ్యాక్టరీలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. భూతద్దం అంటారు. కుట్టు అయిపోయిన చొక్కాలన్నీ చివరికి ఆమె బల్ల మీదికే వస్తాయి. కాలర్ తిప్పి, చంక కుట్టు లాగి, బొత్తాం పీకి మరీ చూస్తుంది. దారం పోగు వేలాడిందా, కుట్టినవాళ్ళ పని అయిపోయినట్టే. అయితే ఆమె కట్ట కట్టి ముద్ర వేశాక దాన్ని ఇంకెవరూ విప్పకూడదు. ఒకసారి కొత్త సూపర్‌వైజర్ అనుమానమొచ్చి విప్పించాడు. ఆమె కత్తెర అతని ముందు పడేసి ఇంటికి వెళ్ళిపోయింది. మర్నాడు అతనే వచ్చి బతిమాలుకున్నాడు. కట్టలో తప్పేమీ దొరకలేదని వేరే చెప్పాలా?

ఈ పట్టుదలే ఆమె పీకల మీదికి తెచ్చింది.

ఆడవాళ్ళకు రొమ్ము పరీక్ష చేసే బండి ఒకటి ఫ్యాక్టరీ ముందు ఆగింది. అందరూ సిగ్గుతో మెలికలు తిరుగుతుంటే ఆమె ముందు ఎక్కింది. వెనకాలే ఆడపడుచు. కాజాలు కుట్టే మిషన్ మీద పని ఆ పిల్లది. రెండు పలకల మధ్య రొమ్మును అదిమి ఫొటో తీశారు.

"మనల్ని కూడా ఇస్త్రీ చేసి పంపిస్తున్నారే!" అంది భూతద్దం దిగుతూ. వరసలో ఉన్నవాళ్ళంతా పడీపడీ నవ్వారు.

తర్వాత నర్సు వచ్చి వదినా ఆడపడుచులకు ఒకటే మాట చెప్పింది. "ఫొటోలో ఏమీ కనపడలేదమ్మా. కాకపోతే మీ ఇద్దరికీ రొమ్ములో కొవ్వు తక్కువ, మిగతా కణజాలం దట్టంగా ఉంది. అలాంటివాళ్ళకు ఫొటోలో అన్నీ తెలియవు. పెద్దాసుపత్రికెళ్ళి స్కాన్ కూడా చేయించుకోండి."

భూతద్దం చెవికెక్కింది మొదటి మాటే. పాసైంది, అంతే.

ఎండలు తగ్గాక ఒకరోజు స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో, చంక వైపు, చిన్న గింజలాంటిది చేతికి తగిలింది. నొక్కితే నొప్పి లేదు. ఆ మాట ఆడపడుచు చెవిన వేసింది.

"పద వదినా, చూపించుకుందాం."

"మొన్నే కదే చూశారు!"

"దారం పోగు కోసం నా ప్రాణం తోడేస్తావు. నీ ఒంట్లో గడ్డని వదిలేస్తావా?"

"వాళ్ళు పాస్ చేసిందాన్ని నేనెళ్ళి విప్పమంటే బాగుంటుందా? మీకు పని రాదని మొహం మీద అన్నట్టు కాదూ? నన్నంటే నేను ఊరుకుంటానా?"

ఊరుకోదు. అందుకే వెళ్ళలేదు. గింజ కాస్తా ఉసిరికాయంత అయింది. పైన చర్మం లోపలికి గుంజుకుపోయింది. చొక్కా దులపడానికి చెయ్యెత్తితే ప్రాణం పోయేది. అప్పుడు ఆడపడుచు ఇక అడగలేదు, రెక్క పట్టుకుని లాక్కెళ్ళింది.

పెద్దాసుపత్రిలో స్కాన్ తీశారు. సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చాక డాక్టరమ్మ నాన్చకుండా చెప్పేసింది. "క్యాన్సరమ్మా."

"ఫొటోలో ఏమీ లేదన్నారు కదండీ?"

"లేదనలేదు, కనపడలేదన్నారు. దట్టమైన కణజాలం ఫొటోలో తెల్లగా పడుతుంది. గడ్డా తెల్లగానే పడుతుంది. కలిసిపోతే కనిపెట్టడం కష్టం. అందుకే స్కాన్ కూడా తియ్యమంటాం. అది సరే, చేతికి తగిలినప్పుడైనా రావొద్దూ?"

మీ మర్యాద కాపాడాను అని భూతద్దం ఏ మొహంతో చెబుతుంది?

"చంకలోకి పాకింది. ముందు మందులెక్కించాలి, తర్వాత ఆపరేషన్. నయమైపోతుందని మాటివ్వలేను. నా ప్రయత్నం మాత్రం వదలను."

పక్కన ఆడపడుచు వెక్కిళ్ళు పెడుతోంది. భూతద్దం అటు తిరిగింది.

"ఏడుపాపు. నువ్వు స్కాన్ చేయించుకున్నావా?"

"నాకేం లేదన్నారుగా వదినా..."

"నాకూ అదేగా అన్నారు. నడువు లోపలికి."

డాక్టరమ్మ సరేనంది. ఆ పిల్లను స్కాన్ గదిలోకి తోసి, భూతద్దం బయట బల్ల మీద కూలబడింది. ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, దీనికేమీ ఉండకూడదు, దీనికేమీ ఉండకూడదు అనుకుంటూ కూర్చుంది.

తలుపు తెరుచుకుంది. ఏమీ లేదని ఆ పిల్ల మొహమే చెప్పింది. నవ్వు వచ్చేసింది పాపం. వదినను చూసి మింగేసుకుంది.

భూతద్దానికి ఒళ్ళు మండిపోయింది. కోరుకున్నది తనే, తీరా జరిగితే ఓర్చుకోలేకపోయింది. కాసేపు ఆ పిల్ల మొహం చూడబుద్ధి కాలేదు.

"మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారు?" అంది గోడ వైపు చూస్తూ.

"ఏడాదికి."

"రా. నేనున్నా లేకపోయినా రా."

"అలా అనకు వదినా. అన్నయ్యకి నేను చెప్పనా?"

"నువ్వా? నువ్వు వెళ్ళి బావురుమంటే, నేను పోయాననుకుని శవం కోసం బయలుదేరతాడు మీ అన్న. నేనే చెబుతాను."

ఇద్దరూ నవ్వారు. ముందు ఆగిపోయింది భూతద్దం నవ్వే.