ఫిర్యాదు చేతకాని క్లిఫర్డ్ గారు

మా బ్యాట్లీ ఊళ్లో క్లిఫర్డ్ ఓల్డ్‌రాయిడ్ గారికి ఈ జన్మలో చేతకాని పని ఒక్కటే. ఫిర్యాదు చేయడం. సూప్ చల్లగా ఉన్నా, బస్సు ఆయన్ని చూసి కూడా ఆగకుండా పోయినా, కొత్త బూట్లు కాలు కొరికినా ఆయన నోట వచ్చేది ఒకే ముక్క: "బ్రహ్మాండం. థాంక్స్."

ఒకసారి మార్కెట్ పక్కన టీ దుకాణంలో ఆయన కప్పులో చక్కెరకు బదులు ఉప్పు పడింది. నేను ఎదురుగానే కూర్చున్నాను. ఒక గుక్క తాగేసరికి ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. వడ్డించే అమ్మాయి వచ్చి, "టీ ఎలా ఉందండీ?" అని అడిగింది.

"బ్రహ్మాండం. థాంక్స్."

ఆ పిల్ల మురిసిపోయి ఇంకో కప్పు ఊరికే పోసింది. ఆయన అదీ తాగారు.

నాది వంతెన దగ్గర సెలూన్. తెరిచిన రోజు మొట్టమొదట కుర్చీలో కూర్చున్నది క్లిఫర్డ్ గారే. అప్పటినుంచి ఆయన క్రాపు నాదే. కటింగ్ అయ్యాక నేను వెనక అద్దం పట్టి చూపించేలోపే టోపీ పెట్టేసుకుని, "బ్రహ్మాండం ట్రెవర్, థాంక్స్" అని లేచేవారు. మర్నాడు క్లబ్బులో టోపీ తీస్తే చూడాలి ఆ క్రాపు! అచ్చు గీసినట్టుండేది. "చూశారా నా చేతి పని," అని అందరికీ చూపించుకునేవాణ్ణి. అది చూసి జనం నా దగ్గరికి వచ్చేవాళ్లు. అదే కత్తెర, అదే చెయ్యి. వాళ్ల తలలు మాత్రం అలా వచ్చేవి కావు. తలల్లోనే ఏదో లోపం ఉందనుకుని ఊరుకునేవాణ్ణి.

ఆ రోజుల్లో దేశమంతటా ఒకటే గోల, పీపీఐ. క్రెడిట్ కార్డు ఇచ్చేటప్పుడు బ్యాంకులు దానికో బీమా తగిలించేవి. ఉద్యోగం పోయినా, జబ్బు చేసినా కార్డు బాకీ బీమావాళ్లు కడతారన్నమాట. పనికొచ్చేవాళ్లకీ పనికిరానివాళ్లకీ అంటగట్టి నెలనెలా లాగారు. అది అన్యాయమని తేలింది. అడిగినవాళ్లకి వెనక్కి ఇవ్వాలన్నారు. ఆగస్టు నెలాఖరు దాటితే ఇక లేదు. అడగడమంటే ఫిర్యాదు చేయడమే. క్లిఫర్డ్ గారి ఇంట్లో చిక్కు అక్కడే వచ్చింది.

మే నెలలో, మా ఊరిని ఇంకా చలి వదలని రోజుల్లో, ఆయన భార్య ఈనిడ్ గారు ఉన్ని చేతితొడుగులు వేసుకుని నా సెలూన్‌కి వచ్చారు. ఆవిడ వెనకటికి మిల్లులో నేసిన గుడ్డల్లో తప్పులు సరిచేసే పని చేసేవారు.

"ఇల్లు వెచ్చబెట్టే మా బాయిలర్ చచ్చింది ట్రెవర్. ఇల్లంతా మంచు గడ్డ. బాగుచేసేవాడొచ్చి, సుత్తితో దాన్ని రెండు బాది, డబ్బు పుచ్చుకుని పోయాడు. ఈ మహానుభావుడు గుమ్మందాకా వెళ్లి, బ్రహ్మాండం అని సాగనంపాడు!"

"కొత్తది కొనండి మరి."

"దేంతో కొనను? ఇదిగో, వాషింగ్ మెషీన్ కోసం తీసుకున్న కార్డు కాగితాలు దొరికాయి. ఉద్యోగం పోతే ఆదుకునే బీమా అట! అప్పటికే ఈయన పరుపుల ఫ్యాక్టరీలో రిటైరై ఏడాదైంది. లేని ఉద్యోగం ఎలా పోతుందయ్యా? బ్యాంకుని అడగమంటే, వాళ్లు నొచ్చుకుంటారేమో అంటాడు."

ఆవిడ తొడుగు తీసి చూపించారు. వేళ్లు వంకర తిరిగి ఉన్నాయి. "చలికి నా చేతులు పట్టేస్తున్నాయి. టీ కప్పు పట్టుకోలేకపోతున్నాను. వచ్చే చలికాలం కూడా ఇలాగే గడిస్తే ఇక ఇవి తెరుచుకోవు. నువ్వు చెబితే వింటాడు, ఆ మనిషి చేత ఫిర్యాదు చేయించు."

సరేనన్నాను. ఎంత పనికి ఒప్పుకున్నానో అప్పుడు తెలియలేదు.

నా పోరు పడలేక క్లిఫర్డ్ గారు బ్యాంకుకి ఉత్తరం రాసి పంపించి, నకలు తెచ్చి చదివి వినిపించారు. "అయ్యా, మీకు తీరిక ఉండదని తెలుసు, క్షమించండి. మీ బీమా చాలా చక్కని బీమా. దానితో నాకు పని లేకపోవడం పూర్తిగా నా పొరపాటే. వీలైతే ఆ డబ్బు సంగతి చూడండి. వీలు కాకపోయినా ఏం పర్లేదు."

"ఇది ఫిర్యాదా?" అన్నాను.

"కొంచెం ఘాటుగా రాశానా?" అన్నారాయన బెదురుగా.

బ్యాంకునుంచి జవాబొచ్చింది. మీ ప్రశంసకి కృతజ్ఞతలు, దాన్ని మా సిబ్బంది అందరికీ చూపించాం, అని. ఆ కృతజ్ఞతలకి ఈయన కృతజ్ఞతలు చెప్పారు. దానికి వాళ్లు ఒక క్యాలెండరు పంపారు. నాకు మతిపోయింది. ఎవరు ఎవరికి బాకీయో, అసలు గొడవ దేని గురించో రానురాను నాకే అర్థం కావడం మానేసింది.

దానికి తోడు ఇంకో అయోమయం. అదే మే నెలనుంచి ఆయన క్రాపు పాడైపోయింది. నా దగ్గర చేయించుకున్న మర్నాడు చూస్తే ఒక చెవి మీద మెట్లు, ఇంకో చెవి మీద పొదలు. క్లబ్బులో జనం నన్ను చూసి నవ్వడం మొదలుపెట్టారు. చలికి జుట్టు ముడుచుకుపోతోందేమోనని కత్తెరలు మార్చాను, నూనెలు మార్చాను. ఏం లాభం లేకపోయింది.

ఆగస్టు చివరి వారంలో ఇక లాభం లేదని, ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, మెడకి గుడ్డ బిగించి, బ్యాంకుకి నేనే ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను. అవతల ఒకావిడ మర్యాదగా పలికింది.

"మీ ఫిర్యాదు దేని గురించండీ?"

"ఫిర్యాదంటే... అంత పెద్ద మాటెందుకులే అమ్మా."

"మీ పేరుమీద మా దగ్గర ప్రశంస నమోదై ఉంది. వెనక్కి తీసుకుంటారా?"

"అయ్యో, వద్దు వద్దు, ఉంచండి."

"తీసుకుంటారు!" అని నేను అరిచాను.

"ఎవరండీ అది?"

"మా బార్బరమ్మా. చాలా బాగా చేస్తాడు."

నేను కత్తెర బల్లమీద విసిరికొట్టాను. అవతలావిడ దారి మార్చి అడిగింది. "పోనీ, ఆ రోజు బీమా ఇచ్చినావిడ మీతో ఎలా మాట్లాడారు?"

"ఆ పిల్లా? బంగారం! మీ ఉద్యోగం పోతే ఎలా సార్ అని మొదలుపెట్టి గడగడా ఒప్పజెప్పింది. నాకసలు ఉద్యోగమే లేదని చెబుదామనుకున్నాను. కానీ వెనక మేనేజరు నిలబడి గుడ్లురుముతున్నాడు. పిల్ల చేతులు వణుకుతున్నాయి. మధ్యలో ఆపితే తర్వాతి మాట మర్చిపోతుందేమో పాపం, అని సంతకం పెట్టేశాను."

"అంటే, మీరు పని చేస్తున్నారా లేదా అని ఆవిడ అడగనేలేదా?"

"లేదమ్మా. ఆమె తప్పేం లేదు. ఆమెకిచ్చిన కాగితంలో ఆ ప్రశ్నే లేదు."

అవతల టకటకమని టైపు చేస్తున్న చప్పుడు.

"సార్, మీరిప్పుడు ఫిర్యాదు చేసేశారు."

క్లిఫర్డ్ గారి మొహం పాలిపోయింది. "క్షమించండి! పొరపాటున జరిగిపోయింది. ఆ పిల్లకేం కాదు కదా?"

"ఏం కాదండీ. తప్పు బ్యాంకుది."

అక్టోబరుకల్లా డబ్బొచ్చింది, కొత్త బాయిలరూ వచ్చింది. ఒక శనివారం క్లిఫర్డ్ గారు నా దగ్గర కటింగ్ చేయించుకుని, "సాయంత్రం టీకి రా ట్రెవర్, ఇల్లు ఎంత వెచ్చగా ఉందో చూద్దువుగాని," అని పిలిచారు. నేను కొంచెం ముందే వెళ్లి, అలవాటుకొద్దీ వెనక గుమ్మంలోంచి వంటింట్లోకి అడుగుపెట్టాను.

క్లిఫర్డ్ గారు మెడకి తువ్వాలు కట్టుకుని స్టూలు మీద ఉన్నారు. వెనక ఈనిడ్ గారు కత్తెరతో, నేను మధ్యాహ్నం చేసిన క్రాపుని తీరిగ్గా సరిచేస్తున్నారు. వేళ్లు చక్కగా ఆడుతున్నాయి.

"ఎప్పట్నుంచి ఇది?" అన్నాను.

"నువ్వు దుకాణం తెరిచిన రోజునుంచీ," అన్నారు ఈనిడ్ గారు, కత్తెర ఆపకుండా. "కుర్రాడి చేతులు వణుకుతున్నాయి ఈనిడ్, ఒక్క మాటన్నా దుకాణం మూసేసుకుంటాడు, నువ్వే ఏదో ఒకటి చెయ్యి, అన్నాడీయన. మేలో నా చేతులు పట్టేశాక ఆపేశాను."

"ఆవిడ మాటలకేంలే ట్రెవర్," అన్నారు క్లిఫర్డ్ గారు చెవులదాకా ఎర్రబడి. "నీ కటింగ్ బ్రహ్మాండం. ఈవిడకే చేతులు ఊరుకోవు."

నేను కూర్చున్నాను. ఇల్లు నిజంగానే వెచ్చగా ఉంది. ఈనిడ్ గారు టీ పోసి, తన చేత్తో చేసిన అల్లం కేకు ముక్క నా ముందు పెట్టారు. కొరికితే పన్ను కదిలింది. ఇంకోవైపు పళ్లతో ప్రయత్నించాను, అక్కడా అంతే. బల్లకి అవతల క్లిఫర్డ్ గారు తన ముక్కని నిదానంగా నములుతూ, నా వంకే ఆదుర్దాగా చూస్తున్నారు.

"ఎలా ఉందయ్యా కేకు?" అన్నారు ఈనిడ్ గారు.

"బ్రహ్మాండం," అన్నాను. "థాంక్స్."

ఆవిడ మురిసిపోయి ఇంకో ముక్క వేశారు. అదీ తిన్నాను.